రెండో ఆటగాడి చివరి నాలుగు నిమిషాలు

డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేసేసరికి, పక్క సీటు మనిషి ఒళ్ళో ఉన్న మూట జారి నా పక్కటెముకలకు గుద్దుకుంది. అప్పుడు హైటెక్ సిటీ రైల్వే స్టేషను దాటుతున్నాం.

"దెబ్బ తాకిందా?" అన్నాడతను.

నన్నే అడిగాడనుకొని లేదన్నాను. చూస్తే అతని చెయ్యి మూటను నిమురుతోంది. పూల దుప్పటి చుట్టి తాడుతో కట్టిన ఆ మూట, జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకున్నట్టు అతని భుజానికి ఆని ఉంది.

కండక్టరమ్మ వచ్చి మూటను వేలితో తట్టింది.

"ఏందన్నా ఇది?"

"మానిటరక్కా. కంప్యూటర్‌ది. పాతది."

"డబ్బా టీవీ లెక్క ఉన్నది. గిసొంటివి ఇంకా బతికే ఉన్నయా?"

"దవాఖాన్లకెల్లే తీస్కొస్తున్న."

"మరి లగేజి టికెట్ కొట్టాల్నా, పేషంట్ టికెట్ కొట్టాల్నా?"

"ఏదన్న కొట్టక్కా. జర నిమ్మలంగ పొమ్మను మీ డ్రైవర్‌ను."

ఆమె నవ్వి, ఏ టికెట్టూ కొట్టకుండానే ముందుకు పోయింది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా సైబర్ టవర్స్ దగ్గర ప్రతి సిగ్నలూ మా కోసమే ఎర్రబడుతున్నట్టు బస్సు ఆగుతూ పోతోంది. ఎక్కడికని అతను అడిగితే, ఖాజాగూడ గుట్టలు చూడటానికని చెప్పాను. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళవి. హిమాలయాలు వాటి ముందు నిన్న పుట్టిన పిల్లలు. ఏడాదికోసారన్నా వెళ్ళి, ఏ రాయి మిగిలిందో ఏది పోయిందో చూసుకొస్తుంటాను. ఇదంతా అతనికి చెప్పేసరికి కొత్తగూడ వచ్చింది.

"మాది ఖాజాగూడనే సార్," అన్నాడు. "పోయినయి అంటున్నరు కద, ఆ రాళ్ళను కొట్టినోళ్ళం మేమే."

అతని పేరు ఎల్లేశం. ముప్పై ఏడేళ్ళు. తండ్రి ఓదెలు రాళ్ళు కొట్టేవాడు. బండను పగలగొట్టే ముందు సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఆనించి, లోపల నెర్రె ఎటు పోతుందో విని, ఆ తరువాతే ఉలి పెట్టేవాడట. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి త్వరగానే పోయాడు. తల్లి భాగ్యమ్మ మాదాపూర్‌లో అప్పుడే లేస్తున్న కంపెనీల్లో ఊడ్చి తుడిచే పనిలో కుదిరింది. ఒకరోజు ఆ ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్లు పారేస్తుంటే ఒకటి అడుక్కుని, నెత్తిన గంపలో పెట్టుకొని, మాదాపూర్ నుంచి ఖాజాగూడ దాకా నడిచి తెచ్చింది. అది రెండువేల రెండు. ఎల్లేశానికి పద్నాలుగేళ్ళు, చెల్లెలు వసంతకి పన్నెండు.

"అందులో ఏముండేది?" అన్నాను.

"ఏం లేకుండె సార్. ఒక్క ఆట ఉండె."

తుపాకి పట్టుకొని చీకటి సొరంగాల్లో పరుగెత్తుతూ, ఎదురొచ్చిన భూతాలను కాల్చే ఆట. తొంభైల నాటిది. లోతైన బావిలాంటి గోతిలో మొదలవుతుంది కాబట్టి అన్నాచెల్లెళ్ళు దాన్ని బాయాట అనేవాళ్ళు. ఇద్దరూ ఒకే కీబోర్డు, అంటే ఒకే మీటల పలక మీద ఆడొచ్చు. ఎడమవైపు మీటలు అన్నవి, కుడివైపువి చెల్లెవి. తెర అడ్డంగా రెండుగా చీలుతుంది. పై సగంలో అన్నకు కనిపించేది, కింది సగంలో చెల్లెకు కనిపించేది.

ఆ ఆటే అతనికి బతుకుతెరువు అయింది. డిప్లొమా చదివాడు. కూకట్‌పల్లిలో కంప్యూటర్ రిపేరు దుకాణంలో పదేళ్ళు కూర్చున్నాడు. ఇప్పుడు గచ్చిబౌలిలో, ఒక గాజు భవనం నాలుగో అంతస్తులో, పన్నెండు మంది ఉన్న చిన్న కంపెనీలో పని. పాత ఆటలను నేటి కంప్యూటర్ల మీద నడిచేలా తిరగరాయడమే వాళ్ళ వ్యాపారం. రెండేళ్ళ కిందట వాళ్ళ చేతికి వచ్చిన ఆటల జాబితాలో బాయాట పేరు చూసి, జీతం ఎంతని కూడా అడగకుండా చేరాడట.

"ఆట లోపల ఒక ఇంజన్ ఉంటది సార్," అన్నాడు. "బొమ్మలు, సప్పుళ్ళు అన్నీ పైపైయి. ఎవడేడ నిలవడ్డడు, తలుపు ఎంత మూసుకున్నది, తూటా ఎవనికి తాకింది, గివన్ని చూస్కునేది ఇంజన్. సెకండ్‌కు ముప్పైసార్లు చూస్కుంటది. ఆ పాతదాన్ని తెచ్చి ఇప్పటి కంప్యూటర్ల వెడితే పిచ్చి లేసినట్టు ఉరుకుతది. నువ్వు ఒక్క అడుగేసే లోపల సచ్చిపోయి, ఆటనే అయిపోతది."

"దాన్ని నెమ్మది చేస్తారన్నమాట."

"గదొక్కటే కాదు. తెర పెద్దగైంది, రంగులు పెరిగినయి, అన్నీ మల్ల రాయాలె. గని లోపలి నడక మాత్రం పాతదే ఉండాలె. పాత తప్పులు గూడ ఉండాలె. తప్పును సక్కజేస్తె పాత ఆటగాళ్ళు ఊకోరు, మా ఆట గిది కాదంటరు."

తాళపత్రాలు నకలు చేసే లేఖకుల గురించి నేనొకప్పుడు చాలా చదివాను. ముందువాడు చేసిన తప్పు తప్పని తెలిసినా అలాగే దించుకునేవాళ్ళు కొందరు. చూసిందే రాశాను, దోషం నాది కాదని చివర ఒక మాట చేర్చేవాళ్ళు. దిద్దినవాళ్ళ ప్రతులు చదవడానికి బాగుంటాయి గానీ, పండితులు వాటినే ఎక్కువ అనుమానిస్తారు. ఈ సంగతి చెబితే ఎల్లేశం శ్రద్ధగా విన్నాడు. "మా సంయుక్త మేడమ్ అచ్చం గిట్లనే అంటది," అన్నాడు. సంయుక్త వాళ్ళ జట్టుకు పెద్ద. భీమవరం పిల్ల, ఇతనికన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ఆట నెమ్మదిగా సాగుతోందని ఒకరోజు అందరి ముందూ, "ఎల్లేశం గారూ, మీరు దీన్ని బాగు చేస్తున్నారా, తద్దినం పెడుతున్నారా అండీ?" అందట. అందరూ నవ్వారు. ఆమెకు తెలియదు పాపం. అతనూ నవ్వాడు.

అలా అని మూటకు కట్టిన తాడు ముడి సరిచేసుకున్నాడు. కొత్తగూడ దాటాక అసలు సంగతి చెప్పాడు.

రెండువేల మూడు ఆగస్టు మూడున, ఆదివారం నాడు, ఇద్దరూ ఆడుతూ ఆటను రికార్డు చేశారు. గెలిచానని వసంత బడిలో చూపించుకోవాలనుకుంది. పదకొండు రోజుల తరువాత ఆమె మెదడువాపు జ్వరంతో చనిపోయింది. పదమూడేళ్ళ పిల్ల. ఇంట్లో ఆమె ఫొటో ఒకటే ఉంది, బడి గుర్తింపు కార్డు మీది గోరంత ఫొటో. కదిలే వసంత అంటూ ఎక్కడైనా ఉంటే, ఆ రికార్డింగులోనే.

"అయితే వీడియో ఉందన్నమాట."

"వీడియో కాదు సార్. అదే తిప్పలు. అప్పటి ఆటలు బొమ్మను రికార్డు చెయ్యవు. ఏ మీట ఎప్పుడు ఒత్తినమో రాస్కుంటయి, గంతే. మల్ల పెడితే ఇంజన్ ఆ మీటలను సదువుకుంట ఆటను మొదటికెల్లి మల్ల ఆడిస్తది."

తోలుబొమ్మలవాడి వేళ్ళ కదలికలను మాత్రమే ఎవరో చీటీ మీద రాసి పెట్టారనుకోండి. బొమ్మలు లేవు, తెర లేదు, దీపం లేదు, వేళ్ళు మాత్రం ఉన్నాయి. అవే బొమ్మలు, అదే పొడవు దారాలు దొరికితే ఆ రాత్రి కథ మళ్ళీ నడుస్తుంది. దారం బెత్తెడు పొట్టిదైతే రాజు కత్తి దూయబోయి సొంత మెడ కోసుకుంటాడు.

పాత కంప్యూటరు ఉన్నన్నాళ్ళూ ఫికర్ లేదు. ఏటా ఆ తేదీన తల్లీకొడుకులు ఆ పదకొండు నిమిషాలూ చూసేవాళ్ళు. అందులో ఏడో నిమిషంలో ఒక ఇనుప షట్టరు వస్తుంది. పై నుంచి దిగుతూ ఉంటుంది. అన్న ముందు దూరి బయటపడతాడు. వెనకే చెల్లె దూరబోతుంది. షట్టరు ఆమె మీద పడుతుంది. కింది సగం ఎర్రబడి, ఆ తరువాత నల్లబడిపోతుంది.

"నేను ఆగలే సార్," అన్నాడు. "ఆగుమన్నది, నేను ఆగలే. నవ్విన గూడ. అది మాట్లాడకుంట లేచి బైటికి వోయింది. కోపమొస్తె గంతే, చెప్పక లేచి బైటికి వోతది. నేనొక్కన్నే నాలుగు నిమిషాలు ఆడి ముగించిన."

పోయినేడు ఆ కంప్యూటరు ఆగిపోయింది. ఆ పదకొండు నిమిషాల ఫైలు మాత్రం ఎల్లేశం దగ్గర పదిలంగా ఉంది. ఆఫీసులో తయారవుతున్న కొత్త ఇంజనులో దాన్ని పెట్టి చూశాడు. మొదటిసారి వసంత మూడో మలుపు దగ్గర అంగుళం తప్పి గోడకు తగులుకుంది. ఆ తరువాత అతను ఆపేసేదాకా నాలుగైదు నిమిషాల పాటు గోడలోకి నడుస్తూనే ఉంది. లేని తలుపులు తెరిచింది. లేనివాళ్ళను కాల్చింది. తల్లి అది చూసి, "ఆ గోడల ఏమున్నదిరా దానికి?" అని అడిగిందట. లోపం దిద్ది మళ్ళీ పెడితే ఇంకోచోట తప్పిపోయింది. అలా పదహారు సార్లు. తప్పిన ప్రతి వసంతనూ తేదీ వేసి విడిగా దాచాడు. తీసేయడానికి చెయ్యి రాలేదు.

పదిహేడోసారి, తండ్రి బండను విన్నట్టు, ఇంజను ఒక్కో లెక్కనూ ఏ వరసలో చేస్తుందో కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు దొరికింది. ఆ ఇంజను ప్రతి లెక్కలోనూ ముందు మొదటి ఆటగాణ్ణి కదుపుతుంది. తరువాత తలుపులను. ఆ తరువాతే రెండో ఆటగాణ్ణి. అంటే రెండోవాడు ఎప్పుడూ ఒక లెక్క ఆలస్యం. సెకనులో ముప్పయ్యో వంతు. రెప్పపాటులో పదో భాగం.

"అది సుస్తుగ ఉరుకలే సార్. నేను తొందరపడంగ గాలే. దాని వంతు వచ్చేసరికే షట్టర్ దిగి ఉండె. ఆట రాసినోడెవడో రెండోవాణ్ణి చివర్ల రాసిండు, గంతే. గా ముచ్చట తెల్వక ఇరవై రెండేండ్లు..."

ఇద్దరు ఆటగాళ్ళనూ ముందు కదిపి, తలుపులను తరువాత కదిపేలా తన సొంత ప్రతిలో మాత్రమే వరస మార్చాడు. సంయుక్త అది చూసి, కంపెనీ ప్రతిలోకి మాత్రం రానివ్వనంది. లోకమంతటా పాత ఆటగాళ్ళ రికార్డింగులు వేలకొద్దీ ఉన్నాయి, వరస మారిస్తే అవన్నీ దారి తప్పుతాయి. అతను ఒప్పుకున్నాడు. అతనికి కావలసింది ఒక్క రికార్డింగు.

ఎందుకంటే భాగ్యమ్మ కళ్ళకు నీటికాసుల జబ్బు. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను గొట్టంలోంచి చూసినట్టు చూస్తోంది. పండక్కి అది కూడా ఉండదని డాక్టరు చెప్పాడు. ఆమె కొడుకును అడిగింది ఒక్కటే, కన్ను పోకముందు పిల్లను ఆ షట్టరు దాటించి చూపించమని. పలచటి తెరల మీద ఆమెకు ఆనదు. ఆ డబ్బాలో ఉంటేనే అది నా బిడ్డ అంటుంది. కూకట్‌పల్లిలో ఐలయ్య అనే పాత టీవీ మెకానిక్కు ఇరవై రోజులు కుస్తీ పట్టి ఈ మానిటరుకు ప్రాణం పోశాడు. "ఒక్క సినిమాకు సరిపోతది, ఇంటర్వెల్ ఇయ్యకు," అని పంపించాడట.

"మరి దాటిందా?" అన్నాను.

"దాటింది. దాటంగనే బందు వెట్టిన. ఆ తర్వాతిది సూడలే."

"ఎందుకు?"

మూటను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. "ఆటల సచ్చినోని మీటలు గూడ రాస్కుంటది సార్ అది. ఎవరు సచ్చిన్రో రాసేదానికి ఎర్క ఉండదు. పాత దాంట్ల వసంత సచ్చినంక తెర నల్లగుంటది, ఏం కనవడది. ఇప్పుడు బతికింది కాబట్టి ఆ నాలుగు నిమిషాలు కనవడ్తది. అది లేచి బైటికి వోయింది కద, మీటలు ఉండొద్దు, షట్టర్ కాడ్నే నిలవడి ఉండాలె. అమ్మకు గట్ల నిలవడ్డ పిల్లను ఎట్ల సూపెట్టాలె అని ఫైలు తెరిచి చూసిన."

"అయితే?"

"ఉన్నయి. కుడివైపు మీటలు ఆఖరి దాంక ఉన్నయి."

గచ్చిబౌలిలో దిగాం. నేను గుట్టలకు పోవలసినవాణ్ణి, అతనితో ఆటో ఎక్కాను. మూటకు ఒకవైపు నేనూ పట్టుకున్నాను. దారిలో నాకు తోచిందల్లా చెప్పాను. కోపంగా లేచిన పిల్ల మళ్ళీ వచ్చి కూర్చుని ఉండొచ్చు. ఇరవై రెండేళ్ళ జ్ఞాపకం ఎంత గట్టిదైనా నమ్మడానికి లేదు. అతను తల ఊపి, ఇంకో సంగతి చెప్పాడు. చవక మీటల పలకల్లో ఒక లోపం ఉంటుందట. మూడు మీటలు ఒక్కసారి నొక్కితే, నొక్కని నాలుగోదాన్ని కూడా నొక్కినట్టు కంప్యూటరు అనుకుంటుంది. అంటే ఆ కుడివైపు మీటలు అతని చేతులు పుట్టించినవే కావచ్చు.

"గట్లనే అయ్యుంటది," అన్నాడు. మూటను ఒళ్ళోకి సర్దుకుంటూ, "నా చేతులు ఆడినంతసేపు," అన్నాడు.

ఖాజాగూడ చెరువు పక్క సందులో, రెండు అపార్ట్‌మెంట్ల నడుమ, పెద్ద బండకు వీపు ఆనించి వాళ్ళ రెండు గదుల ఇల్లుంది. ముందర రేకు గేటు. స్ప్రింగు బిగించి ఉండటంతో వదిలితే దానంతటదే టపీమని మూసుకుంటుంది. ఎల్లేశం భార్య నవనీత పిల్లలను తీసుకొని పుట్టింటికి పెద్దపల్లి వెళ్ళింది. ఈ ఆదివారాన్ని అతను అందుకే ఎంచుకున్నట్టున్నాడు.

భాగ్యమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తల అటూ ఇటూ తిప్పి, గొట్టపు చూపు చివర నన్ను పట్టుకుంది.

"ఎవర్నో తెచ్చినవేందిరా. మెకానికా?"

"కాదమ్మా, బస్సుల కలిసిన్రు. గుట్టలు సూడొచ్చిన్రు."

"ఇంకేం గుట్టలన్నా," అంది నాతో. "అన్నీ లిఫ్టులెక్కి మీదికి వోయినయి. కూసో. పిల్లను చూసి పో."

అన్నీ సిద్ధం చేసేసరికి మధ్యాహ్నం పన్నెండు. కిటికీకి దుప్పటి కట్టాడు. మానిటరు బల్ల మీద పెట్టి, తన ప్రతి ఉన్న కంప్యూటరుకు తగిలించి మీట నొక్కితే, సన్నటి చప్పుడుతో వెలుగు మధ్యలో పుట్టి అంచులకు పాకింది. తల్లి కుర్చీని దగ్గరికి జరిపి, ఆమె గడ్డం పట్టుకొని ముఖాన్ని కొంచెం కిందికి దించాడు. ఆ కన్నుకు తెర మొత్తం పట్టదు. ఒక సగమే పడుతుంది. కింది సగం.

ఆట మొదలైంది. పైన ఒక చీకటి సొరంగం, కింద అదే సొరంగం ఇంకో మూల నుంచి. నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. రెండు నిమిషాలకు ఇద్దరి తీరూ తెలిసింది. పై సగం తొందరపాటు మనిషిది. కింది సగం ప్రతి మలుపు దగ్గరా ఆగి, కుడివైపు ఒకసారి తొంగిచూసి కదులుతుంది. "చూసినవా," అంది భాగ్యమ్మ, "రోడ్డు దాటేటప్పుడు గూడ గంతే. కుడిదిక్కే చూస్తది. ఎన్నిసార్లు చెప్పినా ఎడమదిక్కు చూడది."

ఇదంతా ఎప్పుడో ఒత్తిన మీటల లెక్క మాత్రమేనని నాకు తెలుసు. అయినా ఆ తొంగిచూపు వచ్చిన ప్రతిసారీ నా మెడ కూడా కుడివైపు తిరిగింది.

ఏడో నిమిషంలో షట్టరు వచ్చింది. పై సగం దూరి బయటపడింది. కింది సగం పరుగెత్తింది, షట్టరు దిగుతోంది, నల్లటి అంచు తెర మీదికి వచ్చింది, భాగ్యమ్మ చేతులు కుర్చీని పట్టుకున్నాయి. అంచు తల మీదుగా వెనక్కి పోయింది. షట్టరు మూసుకున్న చప్పుడు వెనక నుంచి వినిపించింది.

"దాటింది," అందామె. చాలా నెమ్మదిగా అంది.

ఎల్లేశం చెయ్యి మీట దగ్గరే ఉంది. ఆపలేదు.

షట్టరు ఇవతల కింది సగం ఒక్క క్షణం నిలబడింది. తరువాత కదిలింది. అన్న వీపు కనిపిస్తోంది. ఆ వీపు వెనక, పది అడుగుల దూరంలో నడుస్తోంది. అతను మలుపు తిరిగితే తిరుగుతోంది. అతను కాలిస్తే ఆగుతోంది. తాను మాత్రం ఒక్కసారి కూడా కాల్చలేదు. మలుపుల దగ్గర తొంగిచూడటం కూడా మానేసింది. మూడు మీటలు కలిస్తే నాలుగోది పుడుతుందన్న మాట నేను గట్టిగా పట్టుకున్నాను. నీడ మనిషి వెంట నడిచినట్టు నడుస్తోంది కాబట్టి, అతని వేళ్ళ నీడే అయి ఉంటుంది. సరిగ్గా అలాగే ఉంది. అలాగే మూడున్నర నిమిషాలు గడిచాయి.

చివరి గది వచ్చింది. పై సగంలోని పదిహేనేళ్ళ కుర్రవాడు ఆఖరి భూతాన్ని కూల్చాడు.

"ఇగో, ఈడ నేను చేతులు తీసిన," అన్నాడు ఎల్లేశం. "వసంతా, అయిపాయె రా, చూద్దువు అని పిలిచిన. ఆటల గూడ ఎనక్కి తిరిగి, గప్పుడు చేతులు తీసేసిన. అది రాలే. జర సేపు చూసి ఆట బందువెట్టిన."

తెర మీద అతను వెనక్కి తిరిగాడు. ఆ రోజు అతనికి కనిపించింది ఖాళీ గది. ఇప్పుడు పై సగంలో ఒక మనిషి నిలబడి ఉంది, ముఖం ఇటే ఉంది. కింది సగంలో అతను నిలబడి ఉన్నాడు, ముఖం అటే ఉంది. ఒకరికొకరు ఎదురుగా. పై సగం కదలడం లేదు. చేతులు తీసేశాడు కదా. నొక్కే మీటలు లేవు. నీడ పుట్టడానికి వేళ్ళు లేవు.

కింది సగం ఒక అడుగు ముందుకు వేసింది. ఆగింది. ఇంకొక అడుగు. తెర నిండా అతని ముఖమే కనిపించేంత దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పుడు ఒకసారి కుడివైపు తొంగిచూసింది.

రికార్డింగు అయిపోయింది. మానిటరులో వెలుగు అంచుల నుంచి మధ్యకు ముడుచుకొని, ఒక చుక్కై, పోయింది. ఐలయ్య చెప్పింది నిజమే, ఒక్క సినిమాకే సరిపోయింది.

నేనే, పిల్ల ఆ రోజు తిరిగి వచ్చి కూర్చుని ఉంటుంది, కోపం తగ్గి ఉంటుంది, నువ్వు గమనించి ఉండవు, అని మొదలుపెట్టాను.

"ఎక్కడ వచ్చిందన్నా," అంది భాగ్యమ్మ. ముఖం ఇంకా నల్లబడిన తెరకేసే ఉంది. "బోరింగ్ కాడికి నా తానికి వచ్చింది. అన్న నన్ను ఇడిచిపెట్టి పోయిండే అని ఏడిసింది. నువ్వు బోరింగ్ కొట్టు, నేను బిందె పడ్త అన్న. నాలుగు బిందెలు కొట్టింది. వీడు లోపటికెల్లి వసంతా అని పిలిచిండు, నేను ఇన్న. పో బిడ్డా, అన్న పిలుస్తుండు అని చెప్పిన. పోలే. నాతోనే ఉండె."

ఎల్లేశం తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు చెప్పలేదేందమ్మా?"

"నువ్వు అడగలే. అడిగితె ఏడుస్తవని నేను చెప్పలే." ఆమె చెయ్యి చాచి తడుముకుంటూ అతని తల పట్టుకుంది. "అప్పుడు రాలే. గని వచ్చింది కద. ఇగ ఊకో. నేను చూసిన, సాలు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఇంక దేన్నీ చూడనక్కర్లేదన్నట్టు మూసుకుంది.

కిటికీకి కట్టిన దుప్పటి నేను విప్పాను. మధ్యాహ్నపు ఎండ వచ్చి పడింది. బయట అపార్ట్‌మెంటు పిల్లలు ఎవరో ఈత కొలనులో కేరింతలు కొడుతున్నారు. గుట్టల వైపు లేచిన గాజు మేడల్లో ఎండ మెరుస్తోంది. మనసులో మళ్ళీ లెక్కలు వేసుకున్నాను. తల్లి జ్ఞాపకం పొరపాటు కావచ్చు. పాత పలకలో ఒక మీట ఇరుక్కుని ఉండొచ్చు. ఇరుక్కున్న మీట రెండుసార్లు ఆగి ఆగి ఎలా నడుస్తుందో, కుడివైపు ఎలా చూస్తుందో మాత్రం తేలలేదు. ఆ కుడివైపు చూపు నన్ను ఈనాటికీ వదల్లేదు.

ఎల్లేశం లేచాడు. మానిటరు మీద దుప్పటి కప్పాడు. నాతో ఏదైనా అంటాడని, కనీసం గుట్టలకు దారి చెబుతాడని చూశాను. నా పక్క నుంచే వాకిట్లోకి దిగి, రేకు గేటు తీసి బయటికి నడిచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

గేటు వదిలేస్తే టపీమని మూసుకుంటుందని ముందే చెప్పాను కదా. అతను వదల్లేదు. బయట నిలబడి, స్ప్రింగు లాగుతున్నా ఒక చేత్తో దాన్ని పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. వాకిట్లో ఎవరూ లేరు. నేను గడపలోనే ఉన్నాను, భాగ్యమ్మ కుర్చీలో ఉంది. మనిషి ఒకరు తాపీగా నడిచి దాటేంతసేపు అలాగే పట్టుకున్నాడు. తరువాత చప్పుడు కాకుండా, చేతిని మెల్లగా వెనక్కి తెస్తూ గేటు మూశాడు.

సందు చివర మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆగి, పక్కకు కొంచెం చోటిచ్చి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.